కొండలెక్కు తేలిక టాంకు: జొరావర్ నిర్మాణ కథ

టాంకు అనగానే మన పిల్లలకు మేడమీది నీళ్ళతొట్టి మనసున మెదలుట సహజము. యుద్ధశకటమునకు ఆ పేరు వచ్చుటలోనే ఒక చిన్న కథ గలదు. 1915లో ఆంగ్లేయులు మొదటి ప్రపంచ యుద్ధమున వాడుటకై ఇనుప పట్టాలపై నడచు కవచపు బండిని రహస్యముగా నిర్మించుచుండిరి. శత్రువులకు ఆచూకీ తెలియకుండుటకై అవి నీళ్ళు మోయు తొట్లు అని బయట చెప్పిరి. రహస్యము బయటపడిన తరువాత కూడ పేరు మాత్రము మారలేదు. ఆ ఆంగ్లపదము గుజరాతీ, మరాఠీ ప్రాంతములలో నీటి గుంటకు వాడు మాటనుండియే పుట్టియుండునని కొందరు భాషావేత్తల అభిప్రాయము. అదియే నిజమైనచో, మన దేశమునుండి సీమకు పోయిన మాట ఇనుప కవచము తొడుగుకొని తిరిగి వచ్చినదన్నమాట.

ఈ వ్యాసమున మేము చెప్పదలచినది అట్టి టాంకులలో ఒకదానిని గూర్చి. దాని పేరు జొరావర్. దాని రూపకల్పన జరిగినది చెన్నపట్నమునకు పడమట, రైలులో గంట ప్రయాణమైనను లేని ఆవడిలో. 1955 నాటి కాంగ్రెసు మహాసభవలన ఆవడి పేరు పెద్దలెరుగుదురు. 1960వ దశకమునుండి అచ్చట టాంకుల కర్మాగారము గలదు. దాని ప్రక్కనే యుద్ధవాహనముల పరిశోధనాభివృద్ధి కేంద్రము గలదు. మన పిల్లలలో పలువురు ఆ దారిన రైలులో పోవుచునే యుందురు. ప్రహరీగోడల వెనుక ఏమి జరుగుచున్నదో కొంతయైనను తెలిసికొనుట మంచిది. యుద్ధమును కొనియాడుట మా యుద్దేశము కాదు. ఒక కష్టమైన లెక్కను మన దేశపు ఇంజనీర్లు ఎట్లు చేయుచున్నారో చూపుటయే మా యుద్దేశము.

టాంకు నిర్మించువానిని మూడు కోరికలు మూడు వైపులకు లాగుచుండును. లోపలి మనుష్యులను కాపాడుటకు మందమైన కవచము కావలెను. ఎదుటి టాంకును ఛేదించుటకు పెద్ద ఫిరంగి కావలెను. బురదలో, ఇసుకలో, కొండలలో చురుకుగా కదలుటకు తక్కువ బరువు కావలెను. మొదటి రెండు కోరికలు తీరినకొలది మూడవది దూరమగును. మాటలలో చెప్పినదానికంటె ఈ చిక్కును లెక్కవేసి చూచిన బాగుగ బోధపడును. ఎనిమిదవ తరగతి విద్యార్థులు కాగితము, పెన్సిలు తీసికొనవచ్చును.

6 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు, ఒకటిన్నర మీటరు ఎత్తుగల ఇనుప పెట్టెను ఊహింపుడు. దాని ఆరు ముఖముల వైశాల్యము కూడినచో 63 చదరపు మీటర్లు వచ్చును. ఉక్కు నీటికంటె దాదాపు ఏడున్నర, ఎనిమిది రెట్లు బరువు. ఒక చదరపు మీటరు వెడల్పు, ఒక్క సెంటీమీటరు మందముగల ఉక్కురేకు సుమారు 78 కిలోలు తూగును. 63ను 78చే గుణించిన 4,914 కిలోలు, అనగా దాదాపు 5 టన్నులు. పెట్టె నలుమూలలను ఒక్క సెంటీమీటరు దళసరి చేసినందుకే 5 టన్నులు! అయిదు సెంటీమీటర్లు దళసరి చేసినచో 25 టన్నులు కవచమునకే చెల్లిపోవును. ఇంజను, ఫిరంగి, గుండ్లు, చమురు, మనుష్యులు ఇంకను మిగిలియే యుందురు. అందువలననే ఏ టాంకునకును అన్ని వైపుల ఒకే మందము ఉండదు. ముందు భాగమున దళసరిగా, ప్రక్కల తక్కువగా, పైన, అడుగున ఇంకను పలుచగా కవచము వేయుదురు. తేలిక టాంకు చేయువాడు ఈ పిసినారితనమును పరాకాష్ఠకు కొనిపోవలెను.

ఈ పిసినారితనము పాటింపనిచో ఏమగునో అమెరికావారి టి-7 టాంకు చరిత్ర చెప్పును. 1941లో దానిని 14 టన్నుల తేలిక టాంకుగా తలపెట్టిరి. చిన్న ఫిరంగి చాలదనిరి, పెద్దది పెట్టిరి. దానికి తగిన తలకట్టు కావలెననిరి. కవచము పెంచిరి. ఆ బరువు లాగుటకు ఇంజను పెంచిరి. తుదకు బరువు దాదాపు రెట్టింపై, అది తేలిక టాంకు కానేకాక మధ్యతరగతి టాంకుల వరుసలోనికి పోయినది. ఆ వరుసలో అంతకు ముందే షెర్మన్ అను మంచి టాంకు వేలకొలది తయారగుచుండెను. మూడువేల బండ్లకు ఉత్తరువులిచ్చి కర్మాగారము సిద్ధపరచిన తరువాత, వేళ్ళమీద లెక్కింపదగినన్ని మాత్రము బయటికి రాగా, 1943లో పనిని ఆపివేసిరి. ఒక్కొక్కరు అడిగినది న్యాయమే. అందరు అడిగినదియు ఇచ్చుటయే తప్పైనది. పెండ్లి ఖర్చు చీటీ వ్రాసిన తల్లిదండ్రులకు ఈ సంగతి మేము విడమరచి చెప్పనక్కరలేదు.

ఇక మన దేశమునకు ఇట్టి టాంకుతో ఏమి పనియో చూతము. పంజాబు మైదానములకు, రాజస్థానపు ఎడారికి బరువైన టాంకులే తగును. కాని మనకు ఉత్తరమున లడఖ్ గలదు. అచ్చటి లోయలే 11,000 అడుగుల ఎత్తున ఉండును. కనుమలు 17,000 అడుగులవరకు పోవును. దారులు ఇరుకు, వంతెనలు బలహీనము, చలికాలమున మంచు. ఇట్టిచోట టాంకు పనికివచ్చునా యను సందేహమునకు 1948లోనే సమాధానము దొరకినది.

ఆ సంవత్సరము శ్రీనగరమునుండి లేహ్‌కు పోవు మార్గములో జోజిలా కనుమ శత్రువుల వశమై యుండెను. దాని యెత్తు సుమారు 11,500 అడుగులు. కాల్బలము చేసిన ప్రయత్నములు ఫలింపలేదు. అప్పుడు కొడగు దేశపువాడైన జనరల్ తిమ్మయ్య, ఏడవ లైట్ కవల్రీ దళమునకు చెందిన స్టువర్టు టాంకులను కనుమపైకి పంపుటకు నిశ్చయించెను. ఆ టాంకు సుమారు 15 టన్నులు. దారిలోని వంతెనలు ఆ బరువునైనను తాళవు. కావున టాంకుల తలభాగములు విప్పి, వేరుగా మోసికొనిపోయి, గుట్టు తెలియకుండ కప్పి, శ్రీనగరము చేర్చిరి. అచ్చటినుండి కనుమవరకు ఉన్నది కంచరగాడిదల బాట. దానిని టాంకు నడచు దారిగా వెడల్పు చేసినవారు మద్రాసు సేపర్లు. ఈ దళమున తమిళులు, తెలుగువారు, కన్నడిగులు, మలయాళీలు చిరకాలముగా కలిసి పనిచేయుచున్నారు. వేసవిలోనైనను మంచు చూడనివారు, ఆ చలిలో కొండ చరియలు పగులగొట్టి బాట వేసిరి. 1948 నవంబరు 1న, మంచు కురియుచుండగా, లెఫ్టినెంటు కర్నల్ రాజిందర్ సింగ్ నాయకత్వమున టాంకులు కనుమలో ప్రవేశించినవి. అంత ఎత్తునకు టాంకులు వచ్చునని ఎదుటివారు కలలోనైనను తలచియుండలేదు. దారి తెరువబడినది; ఆ నెలలోనే ద్రాస్, కార్గిల్ మన సైన్యమునకు చిక్కినవి. లేహ్ నిలిచినది.

ఈ కథలో ఒక మాట గట్టిగా పట్టుకొనవలెను. ఆ స్టువర్టు టాంకు అప్పటికే మైదానయుద్ధములకు పాతబడినది. పెద్ద టాంకుల యెదుట నిలువలేనిది. అయినను జోజిలాలో గెలిచినది అదియే, ఏలయన అచ్చటికి చేరగలిగినది అదియొక్కటే. పోరాడు శక్తికి ముందు చేరు శక్తి ఉండవలెను.

1962 అక్టోబరులో, చైనా దండయాత్ర సమయమున, ఫ్రెంచి దేశపు ఏ.ఎం.ఎక్స్.-13 అను మరియొక తేలిక టాంకును ఏ.ఎన్.-12 విమానములలో ఎక్కించి చుషుల్‌లో దించిరి. చుషుల్ 14,000 అడుగులకు పైబడిన చోటు. అంత ఎత్తున గాలి పలుచన. విమానపు రెక్కలకు ఆనిక తక్కువ. మైదానమున మోయు బరువును అచ్చట మోయజాలదు. టాంకు 15 టన్నులే కాబట్టి ఆ పని సాధ్యమైనది. 1971 నవంబరులో, నేటి బంగ్లాదేశ్‌లోని గరీబ్‌పూర్ వద్ద, నీటిపై తేలగల రష్యా దేశపు పి.టి.-76 టాంకులు పొగమంచులో శత్రుటాంకుల దళమును ఎదిరించి ఓడించినవి. నదులు, చిత్తడి నేలలు నిండిన ఆ దేశమున బరువు బండ్లు దిగబడియుండెడివి. ఆ తరువాత తేలిక టాంకులు క్రమముగా మన సైన్యమునుండి తప్పుకొన్నవి. వానికి బదులు క్రొత్తవి రాలేదు. నడుమ ఒకటి రెండు ప్రయత్నములు జరిగినను కొనసాగలేదు.

2020 వేసవిలో ఆ లోటు తెలిసివచ్చినది. తూర్పు లడఖ్‌లో చైనా సైన్యముతో ఘర్షణ ఏర్పడినది. జూన్ 15 రాత్రి గల్వాన్ లోయలో మనవారు 20 మంది ప్రాణములు కోల్పోయిరి. వారికి నాయకత్వము వహించిన కర్నల్ సంతోష్ బాబు సూర్యాపేటవాడు. సైన్యము టి-72, టి-90 టాంకులను పైకి చేర్చెను. ఆగస్టు చివర కైలాస పంక్తి శిఖరములపై అవి నిలిచినవి కూడ. అది గొప్ప సాహసమే. కాని టి-72 సుమారు 41 టన్నులు, టి-90 సుమారు 46 టన్నులు. అవి మైదానము కొరకు పుట్టిన బండ్లు. సరిహద్దు కావల చైనావారికి 33 టన్నులు పైచిలుకు బరువుగల, కొండలకొరకే చేసిన 105 మిల్లీమీటర్ల ఫిరంగి టాంకు ఉన్నది. దానిని 2019 అక్టోబరు 1 నాటి కవాతులో అందరు చూచినదే.

2021 ఏప్రిలులో మన సైన్యము తనకు కావలసినదేమో పత్రరూపమున ప్రకటించినది: బరువు 25 టన్నులకు మించని టాంకు, సుమారు 350. 2022 డిసెంబరులో రక్షణ మంత్రిత్వశాఖ ఈ అవసరమును అంగీకరించినది. సంఖ్య 354గా తేలినది. ఇందులో 59 టాంకుల పని రక్షణ పరిశోధనాభివృద్ధి సంస్థకును, దాని భాగస్వామియైన లార్సన్ అండ్ టూబ్రో కంపెనీకిని అప్పగింపబడినది. తక్కిన 295 టాంకులు పోటీకి విడువబడినవి.

పేరు పెట్టుట సులభముగానే జరిగినట్లున్నది. జొరావర్ సింగ్ జమ్మూ రాజైన గులాబ్ సింగ్ సేనాని. 1834లో లడఖ్‌లో ప్రవేశించి దానిని జయించెను. 1840లో బాల్టిస్థాన్ జయించెను. 1841లో టిబెట్టులోనికి చొచ్చుకొనిపోయి, ఆ సంవత్సరము డిసెంబరులో యుద్ధమున మరణించెను. కొండ చలియు, పైకి ఆహారము చేర్చు మార్గము తెగిపోవుటయు అతని సేనను శత్రువుకంటె ఎక్కువ నశింపజేసినవి. అతని పేరు పెట్టినవారు విజయమునే కాక ఈ రెండవ సంగతిని కూడ తలచియుందురని మేము భావింతుము. కొండలపై యుద్ధము మొదట చలితో, పిదప దూరముతో, ఆ తరువాతనే మనుష్యులతో.

ఆవడివారికి మొదట తోచిన దారి దగ్గరి దారి. గుజరాతులోని హజీరా వద్ద లార్సన్ అండ్ టూబ్రోవారు కె-9 వజ్ర అను పట్టాల ఫిరంగి బండిని తయారుచేయుచుండిరి. ఆ చట్రమునే తీసికొని పైన 105 మిల్లీమీటర్ల ఫిరంగి పెట్టినచో చాలునను ఆలోచన వచ్చినది. కాని వజ్ర 47 టన్నుల బండి. ఎంత చెక్కినను 25కు దిగదు. ఏనుగును ఎండబెట్టి గుఱ్ఱమును చేయలేము. కావున క్రొత్త చట్రము గీయవలసి వచ్చినది.

ఇచ్చటనుండి ఇంజను సంగతి. కట్టెపొయ్యిముందు కూర్చుండి గొట్టముతో ఊదిన మన తల్లులకు తెలిసిన సూత్రమే ఇది: గాలి లేనిదే మంట లేదు. డీసెలు ఇంజనులో చమురు మండుటకు గాలిలోని ప్రాణవాయువు కావలెను. 4,200 మీటర్ల ఎత్తున గాలి ఒత్తిడి సముద్రతీరమున ఉన్నదానిలో సుమారు 60 శాతము మాత్రమే. ఇంజను గుక్కెడు గాలి పీల్చినను అందులో ప్రాణవాయువు అరగుక్కకు కొంచెమెక్కువ. అంతకు అంత బలము తగ్గును. దీనికి విరుగుడుగా పొగగొట్టమునుండి పోవు వేడి వాయువులచేతనే ఒక చిన్న చక్రమును త్రిప్పించి, దానితో బయటి గాలిని కుదించి ఇంజనులోనికి నెట్టుదురు. ఇది సహాయపడునే కాని లోటునంతయు పూడ్చలేదు. చలి మరియొక శత్రువు. సున్నకు 30 డిగ్రీలు క్రిందికి పోయినచో కందెన నూనె చిక్కబడును, డీసెలు గడ్డకట్టుటకు చూచును, బ్యాటరీ బలము సగమునకు పడిపోవును. ఉదయమున ఇంజను మేలుకొనుటయే ఒక పరీక్ష.

కావున కొండటాంకునకు బరువును బట్టి చూచిన ఎక్కువ అశ్వశక్తి ఉండితీరవలెను. టి-72కు 780 అశ్వశక్తి. టన్నుకు 19 వచ్చును. టి-90కి 1,000, టన్నుకు 22 లోపే. జొరావర్‌కు 760 అశ్వశక్తి ఇంజను, 25 టన్నుల బరువు. భాగించి చూడుడు, టన్నుకు 30. ఎత్తున మూడవవంతు పోయినను, టి-72 మైదానమున నడచినంత చురుకుగా ఇది కొండపై నడువగలదు. ఇదే ఈ బండి ప్రాణము.

ఆ ఇంజను వచ్చిన విధము కూడ తెలిసికొనదగినది. మొదట జర్మనీ ఇంజనును ఎన్నుకొనిరి. కాని యుద్ధపరికరములు పరదేశమునకు అమ్ముటకు జర్మను ప్రభుత్వపు అనుమతి కావలెను. అది ఆలస్యమాయెను. రోజులు గడచుచుండగా, అమెరికా దేశపు కమ్మిన్స్ ఇంజనును తెచ్చి అమర్చిరి. ఇంజను మార్చుట దీపమునకు బల్బు మార్చినట్లు కాదు; దాని ఆకారము, చల్లబరచు ఏర్పాటు, పొగగొట్టము, బరువు పడు చోటు, అన్నియు మారును. ఫిరంగి తలభాగము బెల్జియం దేశపు జాన్ కాకరిల్ కంపెనీది. అనగా ఈ టాంకునకు రెండు ముఖ్యావయవములు పరాయివి. స్వదేశపు టాంకు అని పత్రికలు వ్రాయునప్పుడు మన పిల్లలు ఈ సంగతి కూడ గుర్తుంచుకొనవలెను. చట్రము మనది, నడక యేర్పాటు మనది, అన్నిటిని కూర్చిన బుద్ధి మనది. గుండెకాయ ఇంకను మనది కాదు. 2024 మార్చి 20న మైసూరులో బి.ఇ.ఎం.ఎల్. కర్మాగారమున 1,500 అశ్వశక్తిగల స్వదేశపు ఇంజనును మొదటిసారి వెలిగించి చూచిరి. అది బరువు టాంకులకొరకు ఉద్దేశింపబడినది. కాని అట్టిది ఒకటి చేసినచేతులు రెండవదానిని చేయగలవు. మా అభిప్రాయమున ఈ కథలో అన్నిటికంటె ముఖ్యమైన పని అదియే.

ఫిరంగిలో మరియొక చిక్కు గలదు. పడవలో నిలిచి ఒడ్డునకు దూకినవాడు పడవ వెనుకకు జరుగుట చూచియుండును. చిన్న దోనె అయినచో ఎక్కువ జరుగును, పెద్ద నావ అయినచో కదలినట్లే తోచదు. గుండు ముందుకు ఎగిరినంత బలముతో ఫిరంగి బండిని వెనుకకు తన్నును. 46 టన్నుల బండి ఈ తన్నును భరించును. 25 టన్నుల బండి ఊగిపోవును, గురి తప్పును, లోపలివారికి దెబ్బలు తగులును. అందువలన ఫిరంగి గొట్టము ఒక్కసారిగ ఆగిపోకుండ, నూనె నిండిన గొట్టములలో మెల్లగా వెనుకకు జారి మరల ముందుకు వచ్చునట్లు అమర్తురు. వేగముగా వచ్చు క్రికెట్టు బంతిని పట్టువాడు చేతులను వెనుకకు లాగుకొనునట్లే ఇదియు. గుండ్లను మనిషి నింపడు, యంత్రమే నింపును. దానివలన నలుగురికి బదులు ముగ్గురు చాలుదురు: నాయకుడు, గురికాడు, నడుపువాడు. ఒక మనిషి తగ్గినచో అతడు కూర్చుండు చోటు తగ్గును. చోటు తగ్గినచో చుట్టు కవచము తగ్గును. మొదట చెప్పిన పెట్టెలెక్కను ఇచ్చట మరల వేసికొనవచ్చును.

బరువు తగ్గుటవలన నేలపై ఒత్తిడి కూడ తగ్గును. దమ్ము చేసిన మడిలో మామూలు టైర్ల ట్రాక్టరు దిగబడును. ఇనుప దమ్ము చక్రములు తగిలించిన అదియే నడచును. భారము ఎక్కువ నేలపై పరచుకొనుటయే కారణము. టాంకు పట్టాలు చేయు పని ఇదే. 4 మీటర్ల పొడవు, అర మీటరు వెడల్పు గల రెండు పట్టాలు నేలను తాకుచున్నవనుకొన్నచో 4 చదరపు మీటర్లు. 25 టన్నులు దానిపై పరచిన చదరపు సెంటీమీటరునకు ఆరున్నర వందల గ్రాములకు లోపే. లడఖ్‌లో సరస్సుల ఒడ్డున, నదీతీరముల ఇసుకలో ఈ తేడా చాల ముఖ్యము. నీటిలో ఈది దాటగల శక్తియు ఈ టాంకునుండి కోరబడినది.

ఇట్లు గీతలు, లెక్కలు, మార్పులు అన్నియు ముగిసి, 2024 జూలై 6న హజీరాలో మొదటి నమూనా టాంకు నలుగురి కంటబడినది. పని మొదలుపెట్టిన రెండు రెండున్నర సంవత్సరములలో నమూనా నడచుట మన దేశమున అపూర్వమే. అర్జున్ టాంకు తయారుకు ఎన్ని దశాబ్దములు పట్టినదో తెలిసినవారు ఈ వేగమును మెచ్చుకొనక మానరు. సెప్టెంబరులో ఎడారిలో నడిపి, కాల్చి చూచిరి. కొండటాంకును ఎడారిలో ఏల పరీక్షింపవలెనని అడుగవచ్చును. ఇంజను వేడెక్కుట, దుమ్ము చొరబడుట, పట్టాలు అరుగుట మొదలగు లోపములు ఎడారిలో త్వరగా బయటపడును, బాగుచేయువారికి ఊపిరాడును, కర్మాగారమునకు దారి దగ్గర. కొండపైకి పోయి లోపము కనిపెట్టినచో బండిని దించుటయే ఒక దండయాత్ర.

డిసెంబరు నెలలో, నడిచలికాలమున, 4,200 మీటర్లకు పైబడిన ఎత్తున టాంకు వేర్వేరు దూరములకు గుండ్లు కాల్చి గురి నిలుపుకొన్నది. ఇది కేవలము ఆనవాయితీ పరీక్ష కాదు. పలుచని గాలిలో గుండునకు అడ్డు తక్కువ. మైదానపు లెక్కప్రకారము గురిపెట్టిన, గుండు లక్ష్యమును దాటి పైగా పోవును. చలికి మందు మండు తీరు కూడ మారును. గురికట్టు యంత్రమునకు ఈ క్రొత్త లెక్కలన్నియు నేర్పవలెను. ఆ నేర్పు సరిగా అబ్బినదా లేదా యని చూచుటకే ఆ కాల్పులు. వాయుసేనవారు టాంకును విమానములో మోసికొనిపోగలుగుటను కూడ ప్రదర్శించిరి. సి-17 విమానము బరువు టాంకును ఒకదానిని మాత్రమే మోయును. ఇట్టివానిని రెంటిని మోయగలదు. 2025లో ఈ టాంకునుండి నాగ్ క్షిపణిని ప్రయోగించి చూచిరి. టాంకులను ఛేదించు ఈ క్షిపణి రూపొందినది హైదరాబాదు ప్రయోగశాలలలో.

పలుచని కవచము సంగతి దాచరాదు. పెద్ద ఫిరంగి గుండు నేరుగా తగిలినచో 25 టన్నుల టాంకు తాళలేదు. ఏ లెక్కయు దీనిని మార్చజాలదు. దానికి రక్షణ దాగుట, కదలుట, ముందుగా చూచుట. 2022 నుండి ఉక్రెయిన్‌లో జరిగిన యుద్ధము ఇంకొక ప్రమాదమును చూపినది: ఆకాశమునుండి దిగు చిన్న డ్రోనులు టాంకు పైకప్పును, అన్నిటికంటె పలుచనైన చోటును, కొట్టుచున్నవి. అందుచే తరువాతి మార్పులలో పైనుండి వచ్చుదానిని పసిగట్టు సాధనములు, తానే డ్రోనును పంపి కొండమలుపు కావల ఏమున్నదో చూచు ఏర్పాటు చేర్చుచున్నట్లు నిర్మాతలు తెలిపిరి. ప్రతి సాధనము కొన్ని కిలోలు. ప్రతిసారియు 25 అను అంకె ఎదురు నిలుచును. టి-7 కథ ఆవడివారు చదువకుండ ఉండరు.

నిర్మాతలు చేసికొను పరీక్షలు వేరు, సైన్యము చేయు పరీక్షలు వేరు. మొదటివి వంటచేసినవారు రుచి చూచుకొనుటవంటివి. రెండవవానిలో తినువారు విస్తరిముందు కూర్చుందురు. సైన్యము ఎండాకాలమున ఒకసారి, చలికాలమున ఒకసారి టాంకును తన మనుష్యులచే నడిపించి, కాల్పించి, చెడిపోయిన భాగములను తన పనివారిచేతనే బాగుచేయించి చూచును. అవి ముగిసి, సైన్యము సమ్మతించిన పిదపనే మొదటి 59 టాంకుల పని సాగును. 2027 నాటికి సైన్యమున చేర్చవలెనని 2024లో నిర్మాతలు లక్ష్యము పెట్టుకొనిరి.